ఆమె పసుపు చేలోకి రాని రోజులు

1991 మే మొదటి వారంలో మా మరిది దుబాయి నుంచి రెండు నెలల సెలవు మీద వచ్చాడు. జూలై రెండో తేదీన తిరిగి వెళ్లిపోయాడు. తేదీలు గుర్తు పెట్టుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. పసుపు ఎప్పుడు విత్తాం, గేదె ఏ వారంలో ఈనుతుంది, ఏ కూలికి ఎన్ని రోజుల కూలి ఇవ్వాలి, ఇవన్నీ ఇంట్లో నన్నే అడిగేవాళ్లు. ఆ సంవత్సరం ఎవరూ అడగని లెక్క ఒకటి వేయవలసి వచ్చింది. అది మా తోటికోడలి కడుపు లెక్క.

ఆమె నాకంటే పన్నెండేళ్లు చిన్నది. ఇంట్లో అందరం చిన్నామె అనేవాళ్లం. పెళ్లయి ఆరేళ్లయింది. మరిది రెండేళ్లకోసారి వచ్చి పోయేవాడు కాబట్టి, ఆ ఆరేళ్లలో వాళ్లిద్దరూ కలిసి ఉన్న రోజులన్నీ కూడినా ఏడాది కాదు. రెండుసార్లు కడుపు నిలిచి మూడో నెల నిండకుండానే పోయింది.

మా ఇల్లు ఆర్మూర్‌లో, చేను నందిపేట దారిలో. పసుపులోనే మొక్కజొన్న వేసేవాళ్లం. మా అత్తమ్మకు ఒక గట్టి పట్టింపు ఉండేది. ముట్టయిన ఆడమనిషి పసుపు చేలో అడుగు పెట్టకూడదు, పెడితే దుంప కుళ్లుతుంది. కూలికి వచ్చేవాళ్లకు కూడా అదే కట్టు. అందువల్ల మా చేలో ఏ ఆడమనిషి నెల ఎప్పుడో అందరికీ తెలిసేది. కలుపు తీసేటప్పుడు ఒకరి సాలు ఖాళీగా ఉంటే ఎవరూ కారణం అడిగేవాళ్లు కాదు.

జూన్ పదో తేదీన, మరిది ఇంట్లో ఉండగానే, చిన్నామె బయట కూర్చుంది. జూలైలో అతను వెళ్లిన పది రోజులకు మళ్లీ కూర్చుంది. ఆగస్టులో ఇంకోసారి. మూడుసార్లూ ఆమె సాలు నేనే పట్టాను. వంట కూడా నేనే చేశాను. ఆగస్టు చివరికి ఆమెకు తిండి సయించలేదు. కామెర్లేమో అనుకుని పసరు మందు తాగించాం. సెప్టెంబరు ఆఖరున మొక్కజొన్న కంకులు విరుస్తుండగా చీర కుచ్చిళ్ల కింద ఆమె కడుపు కనబడింది. మొదట కనిపెట్టింది నోటి దురుసు గల ఒక కూలి ఆవిడ.

"పెద్దవ్వా, నీ కొడుకు దుబాయిల ఉన్నడా, మక్కచేన్ల దాసి పెట్టినవా?" అని మా అత్తమ్మను అడిగింది. "గిప్పుడు ఫోన్లనే కడుపులైతున్నయా ఏంది?"

అందరూ నవ్వారు. అత్తమ్మ నవ్వలేదు. చేతిలో ఉన్న కంకిని గంపలో వేసి, కొంగు దులుపుకుని, ఎండలోనే ఇంటికి బయలుదేరింది.

ఆ సాయంత్రం వంటింటి గడప మీద కూర్చుని, చిన్నామెకు వినబడేట్టే నన్ను అడిగింది. "పెద్ద కోడలా, లెక్కలు నీకు మంచిగొస్తయి గద. నా కొడుకు ఎప్పుడు పోయిండు?"

"జూలై రెండు."

"గీమె బయట ఎప్పుడు కూసున్నది?"

నా జవాబు కోసం అత్తమ్మ ఆగలేదు. ఆమె తనే చెప్పింది. "వాడు పోయినంక రెండుసార్లు కూసున్నది. నా కండ్లతోని నేను చూసిన. ఊరంత చూసింది. మరి గా కడుపెవ్వలిది?"

చిన్నామె లోపల చాట పట్టుకుని నిలబడి ఉంది. చాటలోని బియ్యం అలాగే ఉన్నాయి.

మర్నాడు బావి దగ్గర మేమిద్దరమే ఉన్నప్పుడు అడిగాను. తల ఎత్తకుండా చెప్పింది.

"అక్కా, ఆయన ఉన్నప్పుడు... కలిసినప్పుడల్లా కనబడేది. సిగ్గయి ఎవ్వలికి చెప్పలె. ఆయన పోయినంక గూడ కనబడ్డది. ముట్టే అనుకున్న. చెప్పకుంట పసుపు చేన్లకొస్తే పాపం గద. గందుకే కూసున్న."

"ఎన్ని రోజులు కనబడ్డది?"

"ఒకపారి రెండు రోజులు. ఒకపారి జర్రంత. ఇప్పుడు గూడ అప్పుడప్పుడు..."

"ఇప్పుడు కూడానా?"

"నీసు వాసనొస్తదక్కా. కడుక్కుంటున్న."

ఆమె దాచిపెట్టి చేలోకి వచ్చి ఉంటే ఎవరికీ అనుమానం ఉండేది కాదు. కట్టు తప్పకుండా నడుచుకున్నందుకే నింద పడింది. నా బుర్రలో మాత్రం వేరే లెక్క నడిచింది. బిడ్డ జూన్ నెలది అనుకుందాం. అప్పుడు జూలైలో, ఆగస్టులో వచ్చింది ముట్టు కాదు. ముట్టు కాకపోతే అది ఏమిటి? ఆ ప్రశ్న పట్టుకున్నాక నాకు కూర్చోబుద్ధి కాలేదు. బిందె సగం నింపి ఇంటికి వచ్చాను.

ఆడ డాక్టరు దగ్గరికి వెళ్దామంటే అత్తమ్మ తానూ వస్తానంది. ఎన్నో నెలో తన చెవులతో వినాలట. డాక్టరమ్మ కడుపు తడిమి చూసి, నాలుగు నెలలు నిండుతున్నాయి అంది.

"మంచిగ చూడుండ్రి అమ్మా," అంది అత్తమ్మ. "రెండు నెలలే ఉండాలె."

"రెండు నెలలకు పొట్ట ఇంత పైకి రాదు పెద్దమ్మా. జూన్‌దే."

అత్తమ్మ మొహంలో ఏముందో చూసే తీరిక నాకు లేదు. రక్తం సంగతి చెప్పాను. చిన్నామెను లోపలికి తీసుకువెళ్లారు. తెర వెనుక లైటు వెలిగింది, ఇనుప గిన్నెలో ఏవో పెట్టిన చప్పుడయింది, తరువాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. డాక్టరమ్మ బయటకు వచ్చి చేతులు కడుక్కుని నన్ను వరండాలోకి పిలిచింది.

"గర్భసంచి మూతి దగ్గర పుండులా ఉంది. తగిలితే చాలు, రక్తం వస్తోంది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతాను. ఇంట్లో అప్పుడే ఏమీ అనకండి."

ఇంట్లో అనకుండా ఉండగలిగాను. నిలకడగా ఉండలేకపోయాను. ఫలితం వచ్చేదాకా తోమిన గిన్నెలనే మళ్లీ తోమాను. మా ఆయన పిలిస్తే ఉలిక్కిపడేదాన్ని. నింద పోయినందుకు సంతోషించాల్సిన రోజులు అవి. అత్తమ్మ మాత్రం డాక్టర్ల మాట డాక్టర్లది అన్నట్టు, చిన్నామెతో పని మాట తప్ప మాట్లాడటం లేదు.

ఫలితంలో కాన్సర్ అని వచ్చింది. హైదరాబాద్ పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చారు. అక్టోబరు ఇరవై ఎనిమిదిన, చిన్నామెకు ఇరవై వారాలు నిండిన రోజున, అక్కడి పెద్ద డాక్టరు ఎదుట కూర్చున్నాం. స్కానింగ్‌లో కూడా బిడ్డ వయసు జూన్‌కే సరిపోయింది. ఆయన నెమ్మదిగా, ఒక్కో మాటా విడివిడిగా చెప్పాడు.

"రోగం చిన్నదే. పక్కలకు పాకలేదు. ఇప్పుడే ఆపరేషన్ చేస్తే గర్భసంచి తీసేయాలి, బిడ్డ ఉండదు. ఆగితే ఫిబ్రవరి మొదటి వారం దాకా ఆగాలి. అప్పుడు కడుపు కోసి బిడ్డను తీసి, అదే పూట గర్భసంచి కూడా తీసేస్తాను. ఈ మధ్యలో రెండు వారాలకోసారి చూస్తాను. పెరిగినట్టు అనిపిస్తే ఆ రోజే చేసేస్తాను, బిడ్డ కోసం చూడను. ఆగడంలో ప్రమాదం లేదని మాత్రం నేను అనను."

"ఇంకో కాన్పు?" అని చిన్నామె అడిగింది.

"ఏ దారిలో పోయినా ఇంక ఉండదమ్మా."

వారం లోపల ఏ సంగతో చెప్పమన్నాడు. తిరుగు బస్సులో నేను అన్నాను, ఇప్పుడే చేయించుకో అని. బిడ్డ లేకపోయినా నువ్వు ఉంటావు అన్నాను. ఆమె కిటికీలోంచి చూస్తూ ఉంది. తూప్రాన్ దాటాక, "అక్కా, నీకు ఇద్దరున్నరు," అంది. నాకు కోపం వచ్చింది. ఆర్మూర్ వచ్చేదాకా మొహం అటు తిప్పుకునే కూర్చున్నాను.

శుక్రవారం మరిదికి సెలవు. వాళ్ల క్యాంపు పక్కన ఒక కిరాణా కొట్టు ఉంది, అక్కడికి ఫోన్ చేస్తే పిలుస్తారు. బస్టాండు దగ్గరి ఫోన్ బూత్ నుంచి ఆ కొట్టుకు ముందే చెప్పి పెట్టి, ఆ వేళకు వెళ్లాం. బూత్ తలుపు సరిగా పడదు. బయట దుబాయి ఫోన్ల కోసం పది మంది నిలబడి ఉన్నారు. వాళ్ల ముందు ఆ రోగం పేరు ఎత్తడం మా ఇద్దరికీ ఇష్టం లేదు. మొదట నేను మాట్లాడాను, డాక్టరు చెప్పిందంతా చుట్టూ తిప్పి చెప్పాను. మరిదికి అర్థమైంది. బూత్ మీటరు మీద ఎర్ర అంకెలు తిరుగుతూనే ఉన్నాయి.

"వదినా, ఆమెకు ఇయ్యి," అన్నాడు.

చిన్నామె రిసీవర్ తిరగేసి పట్టుకుంటే సరిచేశాను. అతను గట్టిగా అరిచి మాట్లాడుతున్నాడు కాబట్టి నాకూ వినబడింది.

"పిల్లల సంగతి ఇడిసిపెట్టు. నువ్వుండాలె."

"ఉంట. ఇద్దరం ఉంటం," అంది చిన్నామె.

"డాక్టర్ ఏమన్నడో ఇన్నవా లేదా?"

"ఇన్న. ఆగుత."

"నీకు పిచ్చి లేసిందా?"

"ఆఁ, లేసింది. పైసలు పోతున్నయి, పెడుతున్న," అని పెట్టేసింది. బయట ఉన్నవాళ్లలో ఒకాయన, "గిది మంచిగుంది, దుబాయికి గూడ కయ్యమే," అన్నాడు. చిన్నామె అతని వంక చూసి నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ఒళ్లు మండింది.

ఆగాలని నిర్ణయమయ్యాక కాలం నడిచిన తీరు చెప్పడం కష్టం. రోజూ పొద్దున లేవగానే ఆమె దగ్గరికి వెళ్లి, "ఏమన్నా కనబడ్డదా?" అని అడిగేదాన్ని. పళ్లు తోముకుంటూనో, వాకిలి ఊడుస్తూనో చెప్పేది. ఒకరోజు చీపురు కింద పడేసి, "పొద్దుగాల్నే గదేం పలకరింపక్కా! చాయ్ తాగినవా అని అడుగు," అంది. ఆ మర్నాడు చాయ్ తాగావా అని అడిగి, వెంటనే అదే ప్రశ్న అడిగాను. కొద్దిగా కనబడితే నాకు ముద్ద దిగేది కాదు. కనబడకపోతే లోపల ఏం పెరుగుతోందోనని ఇంకో బెంగ. బిడ్డ కదులుతోందని ఆమె నా చెయ్యి లాగి పొట్ట మీద పెట్టేది. ఆ చోటికి బెత్తెడు కిందనే పుండు ఉందని నాకు తోచేది. చెయ్యి వెనక్కి తీసుకునేదాన్ని.

రెండు వారాలకోసారి హైదరాబాద్ వెళ్లాం. డాక్టరు లోపల చూస్తున్నంతసేపు నేను ఆ పొడుగు వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేదాన్ని. కూర్చోమని ఆయా రెండుసార్లు చెప్పి, మూడోసారి చెప్పడం మానేసింది.

డిసెంబరు నెల నడిమిలో ఒక ఉదయం చిన్నామె నన్ను పేరు పెట్టి పిలిచింది. అంతకు ముందెప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. గుడ్డ తడిసి రక్తం చీరలోకి వచ్చింది. అత్తమ్మ అక్కడే ఉంది, చూసింది. మా ఆయన జీపు మాట్లాడి తెచ్చాడు. దారి పొడుగునా చిన్నామె రెండు చేతులతో పొట్ట పట్టుకుని, "ఇయాల తీసేస్తరా అక్కా? ఇయాలనే తీసేస్తరా?" అని అడుగుతూ పోయింది. అప్పటికి ఇరవై ఏడు వారాలు. తీస్తే బిడ్డ బతకదని నాకు తెలుసు. తీసేయాలని నేను మనసులో కోరుకున్నది కూడా నిజం.

డాక్టరు చూసి, రక్తం ఆగడానికి మందు గుడ్డ పెట్టి, ఒక రాత్రి ఉంచుకున్నాడు. పుండు పెరగలేదు, చిన్న నరం చిట్లింది అన్నాడు. ఆగవచ్చు అన్నాడు. చిన్నామె ఆసుపత్రి మంచం మీద వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. నేను కింద చాప మీద పడుకుని లేచి, పడుకుని లేచి తెల్లవార్చాను.

జనవరిలో పసుపు తవ్వకం మొదలైంది. ఆకు కోసి, దుంప తవ్వి, ఉడకబెట్టే పొయ్యిలు వెలిగించారు. ఇంట్లో ఒక మనిషి తక్కువైనా గడవని నెల. ఆ నెల ఇరవైన డాక్టరు తేదీ ఇచ్చాడు. ఫిబ్రవరి మూడు. దానికి ముందు బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడడానికి సూదులు వేస్తారని, రెండు రోజులు ముందే వచ్చి చేరాలని చెప్పాడు.

ఇంటికి వచ్చి ఈ మాట చెప్పగానే అత్తమ్మ కళ్లెర్ర చేసింది. పసుపు ఉడికే కడాయి దగ్గర నుంచి అప్పుడే వచ్చింది, ఒంటి నిండా పొగ వాసన.

"ఫిబ్రవరి మూడా? ఆ డాక్టర్‌కు ఏమన్న ఎర్క ఉన్నదా? ఏడో నెల పిల్ల బతుకుతది, తొమ్మిదో నెల పిల్ల బతుకుతది. ఎనిమిదో నెల పిల్ల నిలువది. గాయన తీస్తనన్నది ఎనిమిదో నెలలనే గద!"

ఇది మా వైపు ఆడవాళ్లందరూ నమ్మే మాట. కానీ నేను పట్టుకున్నది అందులోని లెక్కను. ఆగస్టులో చిన్నామె బయట కూర్చున్న నాటి నుంచి లెక్క వేస్తే ఫిబ్రవరి మూడుకు ఆరో నెలే. ఎనిమిదో నెల కావాలంటే జూన్ నుంచే లెక్క వేయాలి. మా మరిది ఇంట్లో ఉన్న జూన్ నుంచి.

చిన్నామె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. తల ఎత్తి అత్తమ్మను చూసింది. "ఎనిమిదో నెలనా అత్తమ్మా?" అంది.

"మరి కాదా? జూన్ పోయినంక జూలై ఒకటి, ఆగస్టు రెండు..." అని వేళ్లు మడవడం మొదలుపెట్టి, మధ్యలో అత్తమ్మ ఆగింది. వేళ్లు అలాగే మడిచి ఉన్నాయి. ఆ తరువాత ఆమె మాట మారింది. "ఏం తిన్నవు పొద్దుగాల నుంచి? మొఖం చూడు ఎట్ల గుంజుకపోయిందో," అని పొయ్యి దగ్గరికి వెళ్లి పాలు వేడి చేసింది. గ్లాసు తనే తెచ్చి ఇచ్చింది. తప్పయిందని ఆ రోజూ అనలేదు, ఆ తరువాతా అనలేదు. తేదీ మార్చమని మాత్రం మళ్లీ అడగలేదు.

ఫిబ్రవరి మూడున ఆపరేషన్ గది బయట అత్తమ్మ, నేను ఉన్నాం. కడాయిలు పనివాళ్లకు అప్పగించి అత్తమ్మ నాతో వచ్చింది. ముందు బిడ్డను తెచ్చి చూపించారు. ఆడపిల్ల. రెండు కిలోలకు కాస్త ఎక్కువ. ఏడుపు పిల్లికూన అరిచినట్టుంది. చూపించి వెంటనే అద్దాల పెట్టెలోకి తీసుకుపోయారు. అత్తమ్మ ఆ నర్సు వెంట నడుస్తూ, "పాలు తాగుతదా? తాగుతదా?" అని అడుగుతూ పోయింది. నేను తలుపు దగ్గరే ఉండిపోయాను. నా మనిషి ఇంకా లోపలే ఉంది. ఇంకో మూడు గంటలకు పైగా పట్టింది. పెద్ద డాక్టరు బయటకు వచ్చి, టోపీ తీసి, తీయగలిగినంత తీశాను అన్నాడు. తరువాత కరెంటు పెట్టించాలి అన్నాడు. రోగం మీద కిరణాలు వదలడాన్ని మా వైపు కరెంటు పెట్టడం అంటారు. ఆయనా ఆ మాటే వాడాడు.

మార్చిలో కరెంటు మొదలైంది, ఐదు వారాలు సాగింది. ఆసుపత్రి దగ్గర చిన్న గది తీసుకుని ఉన్నాం. పిల్ల ఆర్మూర్‌లో అత్తమ్మ దగ్గర డబ్బా పాలు తాగుతూ పెరిగింది. చిన్నామెకు వాంతులు, విరేచనాలు. పిల్లను చూడాలని ఏడ్చేది, చూడటానికి వెళ్దామంటే ఈ వాసనతో వద్దనేది. మరిది ఏప్రిల్‌లో సెలవు దొరికించుకుని వచ్చాడు. ఆమె ఎముకల గూడులా అయింది. చూసి బయటకు వెళ్లి, చాలాసేపటికి సంచి నిండా సంత్రా పండ్లు పట్టుకుని వచ్చాడు. "ఇన్ని ఎవరు తింటరు?" అని ఆమె తిట్టింది. అతను ఒక్కొక్కటే ఒలిచి ఆమె చేతిలో పెట్టాడు.

ఐదేళ్లు గడిస్తే భయం చాలావరకు తగ్గుతుందని పెద్ద డాక్టరు చెప్పాడు. మొదట మూడు నెలలకోసారి, తరువాత ఆరు నెలలకోసారి చూపించుకున్నాం. ఆ ఐదేళ్లూ ఆమె నడుం నొప్పి అంటే నేను నిద్రపోలేదు. కాలు వాచిందంటే నిద్రపోలేదు. ఆమె పిల్లను బడిలో వేసింది, ఇంటికి సున్నం వేయించింది, నాతో పోట్లాడింది. నేను మాత్రం ప్రతి పరీక్ష తేదీకి వారం ముందు నుంచే ఇంట్లో వాళ్ల మీద విసుక్కునేదాన్ని.

1997 ఫిబ్రవరిలో ఐదో ఏటి పరీక్షకు వెళ్లాం. అదే వరండా. ఆయా మారింది. చిన్నామె లోపలికి వెళ్లి చాలాసేపు రాలేదు. వచ్చేసరికి నేను వరండా చివర ఉన్నాను. అక్కడి నుంచే అరిచింది.

"అక్కా, ఏం లేదంట! ఏడాదికోసారి వస్తే సాలంట. ఉరుకు, నాలుగింటి బస్సు పోతది. పొద్దుగాల పిల్లకు జరమొచ్చింది, అత్తమ్మ ఒక్కతే ఉన్నది."

"ఏం లేదన్నాడా? సరిగ్గా అదే అన్నాడా?"

"ఏం లేదనే అన్నడు. ఇంకేమనాలె? నడువు!"

పరిగెత్తాం. బస్సు ఎక్కేసరికి సీట్లు లేవు. మేడ్చల్ దాకా నిలబడ్డాం. అక్కడ ఇద్దరు దిగితే కూర్చున్నాం. ఆమె కూర్చున్న వెంటనే నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది, నోరు కొంచెం తెరుచుకుంది. నాకు నిద్ర రాలేదు. లోపల డాక్టరు ఇంకేమైనా అన్నాడేమో, ఆమె వినిపించుకోలేదేమో, లేపి మళ్లీ అడగాలనిపించింది. ఒకసారి చెయ్యి కూడా ఎత్తాను. కామారెడ్డి దాటేదాకా ఆమె కదలలేదు. నేనూ భుజం కదపలేదు.